తప్పు వేలిదా, పెట్టెదా?

మొన్న సంక్రాంతికి మా అపార్ట్‌మెంటు పిల్లల కార్యక్రమంలో మా అమ్మాయి కీబోర్డు వాయించింది. ఇంటికొచ్చాక "ఎలా ఉందమ్మా?" అనడిగింది. నవలలు రాసే దాన్ని కదా, నాలుక ఊరుకుంటుందా? "స్వరాలన్నీ ఉన్నాయి గానీ ప్రాణం లేదే. రేషను కార్డులో పేర్లు చదివినట్టుంది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాటినుంచి కీబోర్డు మీద దుప్పటి. మాష్టారొస్తే తలనొప్పి.

నా నవలని ఎవరైనా "కథ ఉంది, ప్రాణం లేదు" అంటే నాకు వారం రోజులు అన్నం సయించదు. ఆ మాటే పిల్లని ఎంత తేలిగ్గా అనేశానో చూడండి!

పది రోజులకి మా తమ్ముడొచ్చాడు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి వాయించిన వాడు. దుప్పటి తీసి, ఒకే మెట్టుని ఒకసారి పువ్వుని తాకినట్టూ, ఒకసారి గోడకి మేకు కొట్టినట్టూ నొక్కాడు. రెండుసార్లూ ఒకటే శబ్దం.

"అక్కా, పిల్లనెందుకన్నావే? దీని టచ్ ఆపేసి ఉంది" అన్నాడు.

మేం కొన్నది పాత కీబోర్డు. అమ్మిన వాళ్ళింట్లో చిన్నపిల్లాడున్నాడు. వాడి చిట్టి వేళ్ళకి కూడా గట్టిగా పలకాలని ఆపేసి ఉంటారు.

వాడు చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ వాద్యం మన బలాన్ని కొలవదట, వేగాన్ని కొలుస్తుందట! మెట్టు కింద పైనొకటి, కిందొకటి రెండు స్పర్శ బిందువులుంటాయి. మెట్టు దిగుతూ మొదటిదాన్నీ, తర్వాత రెండోదాన్నీ తాకుతుంది. ఆ మధ్య పట్టిన రెప్పపాటు ఎంత తక్కువైతే శబ్దం అంత పెద్దది. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ఆ వేగానికి 1 నుంచి 127 దాకా అంకె వేస్తారు. ఏ అంకెకి ఎంత పలకాలన్నది మాత్రం మనం దిద్దుకోవచ్చు. సాఫ్ట్ అని పెడితే కొంచెం తాకినా గట్టిగా పలుకుతుంది. హార్డ్ అని పెడితే గట్టిగా కొడితే తప్ప గొంతెత్తదు. ఆపేస్తే అన్నీ ఒకే మోత.

పాతకాలపు సింథసైజర్లలో చాలావాటికి ఈ తెలివే లేదు. 1970 నాటి మినీమూగ్‌కి గానీ, 1978 నాటి ప్రాఫెట్-5కి గానీ వేలి వేగంతో పనిలేదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 మాత్రం వేగంగా నొక్కితే గట్టిగా పలకడమే కాదు, గొంతులో మెరుపు కూడా తేగలదు. అంతకు చాలా ముందు, 1700 ప్రాంతంలో, ఇటలీలో క్రిస్టోఫొరీ పియానో చేసింది కూడా ఈ వెలితి తీర్చడానికే. అప్పటి హార్ప్‌సికార్డ్ తీగని మీటేదే గానీ వేలి హెచ్చుతగ్గులు దానికి పట్టేవి కావు. మన నాటకాల హార్మోనియం కూడా అంతే కదూ? మెట్లమీద కుడిచెయ్యి ఎంత ఆడినా, పద్యానికి ఉసురుపోసింది తిత్తి మీది ఎడమచెయ్యే.

సరే, తమ్ముడు టచ్ పెట్టాడు. పిల్ల బతిమాలించుకుని మరీ కూర్చుంది. చెప్పొద్దూ, అసలు విమర్శ అప్పుడు మొదలైంది! బొటనవేలు తగిలిన చోటల్లా కసురుకున్నట్టుంది. ఉంగరపు వేలి స్వరాలు వినపడీ వినపడనట్టున్నాయి. ఇన్నాళ్ళూ ఆ మోత అన్నిటినీ కప్పేసింది పాపం. సాఫ్ట్ పెడితే బొటనవేలు మరీ రెచ్చిపోయింది. హార్డ్ పెడితే ఉంగరపు వేలు మాయమైంది. మధ్యలో ఉంచి, మిగతాది వేళ్ళకే నేర్పుకోమన్నాడు. నాకూ అదే సబబనిపించింది. వేలి లోపాన్నంతా పెట్టె చేత దిద్దిస్తే, రేపు ఇంకో పెట్టె ముందు కూర్చుంటే గతేమిటి?

ఈసారి నోరు అదుపులో పెట్టుకుని, "రెండో చరణం మొదట్లో మెల్లగా ఎత్తుకున్నావే, అది బాగుంది. బొటనవేలు చూసుకో" అన్నాను. "ముందే ఇలా చెప్పొచ్చుగా!" అంది.

నిన్న సాయంత్రం చూస్తే మళ్ళీ టచ్ ఆపేసి వాయిస్తోంది. ఇదేమిటే అంటే, "ఇది ఆర్గన్ శబ్దమమ్మా. ఆర్గన్‌కి మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే. దీనికిలాగే ఉండాలి" అని నాకే పాఠం చెప్పింది.