కారులో ఏం మాట్లాడారు?

1968 డిసెంబర్ 26. అమెరికాలోని అయోవా రాష్ట్రం. పదేళ్ల పాప మాయమైన కేసులో దొరికిన మనిషిని పోలీసులు డావెన్‌పోర్ట్ నుంచి డెమోయిన్‌కు కారులో తీసుకెళ్తున్నారు. దారిలో ఏమీ అడగబోమని అతని లాయరుకు మాటిచ్చారు. డిటెక్టివ్ వాతావరణం సంగతి ఎత్తుకున్నాడు. మంచు పడేలా ఉంది, పడితే శవం ఉన్న చోటు నువ్వే గుర్తుపట్టలేవు, పండగ పూట బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కనీసం పద్ధతిగా సమాధి చేసుకోవాలి కదా అన్నాడు. చివరికి నిందితుడే దారి చూపించాడు. శవం దొరికింది.

ఆ మాటలు ప్రశ్నించడమేనని 1977లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. చాలామందికి తీర్పు చదివితే సరిపోతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో క్రిమినల్ ప్రొసీజర్ చెప్పే యేల్ కమిసార్‌కు సరిపోలేదు. సాక్ష్యాల కాగితాలు ముందేసుకుని, ఆ డిటెక్టివ్ కోర్టులో వేర్వేరు సందర్భాల్లో చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదానికొకటి అతకలేదు. టేపు లేదు. మరి తొమ్మిది మంది జడ్జీలు ఏ మాటల మీద తర్జనభర్జన పడ్డట్టు? క్రిమినల్ ప్రొసీజర్ అంటే సెక్షన్ నంబర్లు బట్టీ కొట్టడమే అనుకునేవాళ్లకు ఈ మాస్టారి పని చాదస్తంగానే తోస్తుంది.

కమిసార్ 1929లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టారు. కొరియా యుద్ధానికి వెళ్లొచ్చి, కొలంబియాలో లా పూర్తి చేశారు. 1957లో మిన్నెసోటాలో పాఠాలు మొదలుపెట్టి, 1965లో మిషిగన్ చేరి 2004 దాకా అక్కడే ఉన్నారు. 1965 వ్యాసంలో ఆయన కోర్టును భవంతితో, పోలీస్ స్టేషన్‌ను దాని వాకిట్లోని కావలి గదితో పోల్చారు. భవంతిలో నిందితుడికి లాయరు, నోరు విప్పకుండా ఉండే హక్కు, సకల మర్యాదలూ ఉంటాయి. కావలి గదిలోనే పని పూర్తయ్యాక ఆ మర్యాదలు దేనికి? నిందితుణ్ని నిర్బంధంలో ప్రశ్నించే ముందు అతని హక్కులు చెప్పాలంటూ మరుసటి ఏడాది వచ్చిన మిరాండా తీర్పులో ఆ వ్యాసం ప్రస్తావన ఉంది. ఆయనకు ‘మిరాండా తండ్రి’ అన్న పేరూ పడింది.

మన దగ్గర పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదని 1872 ఎవిడెన్స్ యాక్టే చెప్పింది. అయితే ఆ మాటల వల్ల ఏదైనా దొరికితే మాత్రం, దానికి సంబంధించినంతవరకు చెల్లుతుంది. ఆ ‘సంబంధించినంతవరకు’ ఎంతవరకో బ్రిటిష్ కాలపు ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులోనే. ఈటెను గడ్డివామిలో దాచానన్న మాట పనికొస్తుంది, చంపామన్న మాట పనికిరాదు. లా చదివినవాళ్లకు ఆ వామి ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

కానీ నిందితుడు సరిగ్గా ఏ మాట అన్నాడన్నది పోలీసు రాసుకున్న కాగితం, మధ్యవర్తుల సంతకాలు చెప్పాల్సిందే. కమిసార్‌కు దొరకని టేపు లాంటిది మన చట్టంలో 2024 జులై 1న తప్పనిసరి అయింది, అదీ సోదాలు, స్వాధీనాల వరకే. ఆయన అప్పటికి రెండేళ్ల కిందటే పోయారు. ఆ రికార్డింగు సెల్‌ఫోన్‌లో అయితే మరీ మంచిదని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అంటోంది.