యెఫ్తా మ్రొక్కుబడి: ఒక పదవిచారము

మ్రొక్కుకొనకుండుట పాపము కాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. మ్రొక్కిన పిమ్మట మాత్రము అది ఋణము. తెలుగు బైబిలు అనువాదకులు 'మ్రొక్కుబడి', 'చెల్లించు' అను మాటలను గ్రహించుట ఉచితము. గ్రామదేవతల మ్రొక్కులకు అలవడిన ఆ మాటలలో ఋణభావము ముందే కలదు.

ఆ ఋణమెంత క్రూరము కాగలదో న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయమున యెఫ్తా కథ చూపును. అమ్మోనీయులపై జయము కలిగినచో, తన యింటి వాకిట వెడలి యెదురువచ్చుదానిని దహనబలిగా నర్పింతునని అతడు మ్రొక్కెను. వచ్చినది ఏకైక కుమార్తె. హెబ్రీ మూలములోని మాట మనుష్యునకును పశువునకును చెల్లును. తెలుగున 'వచ్చునది' అని యున్నది. మన వ్యాకరణమున ఏకవచనమందు స్త్రీయు అమహత్తే గదా! ఆ రూపమున పశువును ఇమిడినది, కుమార్తెయు ఇమిడినది. పురుషునకు మాత్రము చోటు లేదు. అనువాదకు లుద్దేశించిరో లేదో గాని, మూలమున లేని యీ వ్యంగ్యము కథకు తగియున్నది. సంఖ్యాకాండము 30వ అధ్యాయము ననుసరించి కన్య మ్రొక్కును తండ్రి విన్ననాడే రద్దుపరుపవచ్చును. తండ్రి మ్రొక్కును రద్దుపరుచు అధికారము కుమార్తెకు లేదు.

ఆమె బలి కాలేదనియు, ఏకాంతవాసమున నుంచబడెననియు మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత దావీదు కింహి వ్రాసెను. క్రైస్తవులును పలువురు ఆ మతమునే యవలంబించిరి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము యెఫ్తాను విశ్వాసులలో లెక్కించుట వారికి బలమైనది. ఈ సమాధానము నాకు సమ్మతము కాదు. మ్రొక్కుటకు ముందే దైవాత్మ అతనిపై దిగెనని కథయే చెప్పుచున్నది. అడుగని బేరమును అతడే పెట్టెను. పత్రిక అతని పేరును చెప్పినదే గాని మ్రొక్కును చెప్పలేదు.