మేడ మీది కిటికీ

సాయంత్రం వేళ రాయపూర్ జైస్తంభ్ చౌక్‌లో నిలబడితే నాకు చిత్రకారుడు పిస్సారో గుర్తొస్తాడు. కంటి జబ్బు వల్ల వీధిలో కూర్చోలేక, 1897లో పారిస్ హోటల్ గది కిటికీలోంచి మోంమార్త్ర్ బులెవార్డును 14 సార్లు గీశాడాయన. మనుషులకు ముక్కూ మొహం ఉండవు, ఒక్కొక్కరు ఒక్కో కుంచె విసురు. అయినా ఎవరిది తొందరో, ఎవరిది షికారో తెలిసిపోతుంది. పనితనమంటే అదీ!

ఈ చౌక్ దగ్గరి మాళవీయ రోడ్డునూ అలాగే గీయాలి. ఆటో దీపానికి పసుపు చుక్క, చీరకు ఎర్ర గీత. వాన పడిందా, రెండూ తడి రోడ్డు మీదికి జారాలి. నీడకు నలుపు వద్దు, నీలమో ఊదానో చాలు. కింది రంగు ఆరకముందే పై రంగు పడాలి. చెయ్యి తిరిగినవాడికే సాగే పని. కావలసిందల్లా మేడ మీద ఒక కిటికీ, అద్దె కాస్త తక్కువైతే మరీ మంచిది.