గాలివాటు చూసి బల్ల వేయాలి

క్షయ పరీక్ష చేసే బల్ల మీద చీపురుపుల్లల కట్ట ఉంటుందంటే బయటివాళ్లు నవ్వుతారు. జాతీయ క్షయ కార్యక్రమం టెక్నీషియన్ల కోసం వేసిన శిక్షణ పుస్తకంలోనే ఆ పుల్లకు చోటుంది. పుల్లను మధ్యకు విరిచి, విరిగిన కొసతో డబ్బాలోని తెమడలో చిక్కగా, పసుపుపచ్చగా ఉన్న ముక్కను ఎత్తాలి. స్లైడు నడుమ 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున పలచగా పరచాలి. పని అయిపోగానే ఆ పుల్ల కాలితో మూత తెరిచే బకెట్‌లో, 5 శాతం ఫినాల్‌లో మునుగుతుంది. ఇంకో రోగికి ఇంకో పుల్ల.

దీనికి బదులు లోహపు తీగ వాడితే, ప్రతిసారీ దాన్ని మంటలో కాల్చి శుభ్రం చేయాలి. అంటిన తడి మంట తగలగానే చిటపటమని చిందుతుంది. కంటికి కనిపించని ఆ తుంపర్లే ఊపిరిలోకి పోతాయి. స్లైడు పూర్తిగా ఆరకముందే తొందరపడి మంట మీద చూపించినా ఇదే జరుగుతుంది. అందుకే మా వద్దకు పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది స్లైడు ఆరేదాకా ఆగమని. వాళ్లకు మాత్రం అందరికంటే ముందు మెషిన్ దగ్గర కూర్చోవాలని ఉంటుంది.

మానుకోట (మహబూబాబాద్) చుట్టుపక్కల ల్యాబుల్లో పని చేసి, చేయించి నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. మనలాంటి చోట్ల ల్యాబులో మనిషిని కాపాడేవన్నీ చవక సరుకులే: కిటికీ, పుల్ల, ఫినాల్, సబ్బు, టీకా. చవక కాబట్టే వాటిని ఎవరూ పట్టించుకోరు. ఖరీదైన పెట్టె వస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, కొబ్బరికాయ కొడతారు. ఫినాల్ అయిపోతే మాత్రం ఇండెంట్ పెట్టి ఎదురుచూడాలి.

గాలి సంగతే చూడండి. కల్లంలో వడ్లు తూర్పారబట్టే రైతుకు ఏ వైపు నిలబడాలో ఒకరు చెప్పనక్కర్లేదు. పొట్టు తన మొహం మీదికి రాకుండా గాలివాటు చూసుకుని చేట ఎత్తుతాడు. తెమడ డబ్బా మూత తీసేవాడికీ అదే లెక్క. గాలి వాడి వీపు వైపు నుంచి వచ్చి, బల్ల మీదుగా కిటికీలోంచి బయటికి పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో క్షయ ల్యాబుల భద్రత మీద ఒక పుస్తకం వేసింది. నేరుగా స్లైడు చేసి చూసే పరీక్షను అందులో తక్కువ ప్రమాదం ఉన్న పనిగా లెక్కగట్టింది. గాలి సరిగా ఆడే గదిలో మామూలు బల్ల మీద ఆ పని చేసుకోవచ్చని, గాలిని వడకట్టే సేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి కాదని చెప్పింది. క్రిమిని పెంచే కల్చర్ పని అలా కాదు, దానికి కట్టుదిట్టమైన ఏర్పాటు కావాలి. అందుకే ఆ పని హైదరాబాద్‌లోని ఇంటర్మీడియట్ రిఫరెన్స్ ల్యాబ్‌ లాంటి చోట్ల జరుగుతుంది.

అసలు అన్నిటికంటే ఎక్కువ తుంపర్లు లేచేది రోగి దగ్గినప్పుడు. దానికి మందు ఆరుబయలే. ఇలాంటి మాటలు మా ల్యాబు గుమ్మంలో రోజూ వినిపిస్తాయి:

"అవ్వా, ఈడ కాదు. బయట ఆ యాపచెట్టు అవతలికి పోయి లోపలికి దమ్ము తీస్కొని దగ్గు. మూత గట్టిగ పెట్టి తే."

"ఎండ కొడుతాంది గద బిడ్డా."

"ఎండ ఉంటెనే మంచిది అవ్వా."

ఆ టెక్నీషియన్ విసుక్కుంటున్నాడని అవ్వ అనుకుంటుంది. నిజానికి ఎండ, గాలి రెండూ క్షయ క్రిమికి పడవు. ఆ అవ్వ వెనక వరుసలో చంటిపిల్లతో ఎవరైనా నిలబడి ఉండొచ్చు కూడా.

ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చింది. 2021 జూన్‌లో జిల్లాల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌లు తెరిచారు. మహబూబాబాద్, జనగామ ఆ మొదటి విడతలోనే ఉన్నాయి. అప్పట్లో 57 పరీక్షలు ఉచితంగా చేసేవారు, 2023లో వాటిని 134కు పెంచారు. 2022 నవంబర్‌లో మహబూబాబాద్‌లో, మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. థైరాయిడ్ పరీక్షకు వరంగల్ బస్సెక్కిన రోజులు తెలిసినవాడిగా ఇదంతా చూసి సంతోషిస్తాను. అయితే మెషిన్లకు చల్లదనం కావాలి. క్షయను పట్టే సీబీనాట్ మెషిన్ 30 డిగ్రీలు దాటితే మొరాయిస్తుంది, మన మే నెల ఎండలు అందరికీ తెలిసినవే. కాబట్టి ఏసీ పెడతారు. ఏసీ పెట్టాక కిటికీలు మూస్తారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలోని గాలినే తిప్పి తిప్పి మళ్లీ మన మీదికే వదులుతుంది. మెషిన్ సుఖంగా ఉంటుంది, దాని పక్కన డబ్బా మూత తీసే మనిషికి గాలి ఆగిపోతుంది.

దీనికి విరుగుడు పైసా ఖర్చు లేనిది. మూత తీయడం, రీఏజెంట్ కలపడం కిటికీ పక్క బల్ల మీదే చేయాలి. రీఏజెంట్ కలిపి 15 నిమిషాలు ఉంచితే క్రిముల్లో అత్యధిక భాగం చచ్చిపోతాయి. ఆ తర్వాతే కార్ట్రిడ్జ్‌లో పోసుకుని చల్లగదిలోకి వెళ్లాలి. గది కట్టేటప్పుడే ఈ సంగతి తెలిసినవాళ్లను అడిగితే సరిపోయేది. మన దగ్గర గోడలు లేచి, టైల్స్ కూడా వేశాక టెక్నీషియన్‌ను పిలిచి, "ఎట్లుంది?" అని అడుగుతారు.

సేఫ్టీ క్యాబినెట్ కథ ఇంకొకటి. దాని ప్రాణం హెపా ఫిల్టర్‌లో, ముందు అద్దం కింద నుంచి లోపలికి పోయే గాలి వేగంలో ఉంటుంది. ఆ రెండూ సరిగా ఉన్నాయో లేదో ఏడాదికోసారి కొలిచి సర్టిఫికెట్ ఇవ్వాలి. కొలిచే ఇంజినీరు పెద్ద నగరం నుంచి రావాలి, ఆయన బిల్లుకు బడ్జెట్‌లో పద్దు ఉండదు. లోపల లైటు వెలుగుతుంది, ఫ్యాను మోగుతుంది, కూర్చున్నవాడికి ధీమా వస్తుంది. పనిచేయని క్యాబినెట్ ముందు ధీమాగా కూర్చోవడం కంటే తెరిచిన కిటికీ ముందు భయంగా కూర్చోవడం మేలని నేనంటే, కొనుగోళ్లు చూసే మిత్రుడొకరికి కోపం వచ్చింది. అన్ని రకాల ల్యాబుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసే భద్రతా పుస్తకం నాలుగో ముద్రణ 2020లో వచ్చింది. అది కూడా గదికి ఎన్నో లెవెల్ అని పేరు పెట్టడాన్ని పక్కనపెట్టి, చేసే పనిలో ప్రమాదమెంతో ముందు తూచుకోమంది.

మా తరం వాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంది. హిమోగ్లోబిన్ చూడాలంటే సాలీ పిపెట్‌కు రబ్బరు గొట్టం తగిలించి, కొస నోట్లో పెట్టుకుని, రోగి వేలి మీది రక్తాన్ని 20 గీత దాకా పీల్చేవాళ్లం. ఒక గీత పైకి వస్తే నాలుకతో ఆపడం ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరినవాణ్ని చూసి మిగతావాళ్లు అసూయపడేవాళ్లు కూడా! మైక్రోపిపెట్ వచ్చి ఆ గొట్టాన్ని చెత్తబుట్ట పాలు చేసింది, మంచి పని చేసింది. ల్యాబుల్లో పట్టుకున్న జబ్బుల మీద అమెరికాలో పైక్ అనే పరిశోధకుడు 1976లో 3,921 కేసుల లెక్క తీశాడు. ఫలానా ప్రమాదం వల్ల వచ్చిందని చెప్పగలిగినవి అందులో ఐదో వంతు కూడా లేవు. ట్యూబు పగిలి, సూది గుచ్చుకుని గోల జరిగితే అందరికీ తెలుస్తుంది. మిగతావి చాలావరకు చప్పుడు లేకుండా, రోజువారీ పనిలోనే అంటుకున్నవి.

డబ్బున్న దేశాలకు ఇదేమీ తప్పలేదు. 2003లో సింగపూర్‌లో ఒక విద్యార్థి వేరే వైరస్ మీద పని చేస్తూ, ఆ శాంపిల్‌లో కలిసిపోయిన సార్స్‌ను అంటించుకున్నాడు. 2019లో చైనాలోని లాన్‌జౌ నగరంలో పశువుల టీకా ఫ్యాక్టరీ ఒకటి గడువు తీరిన క్రిమిసంహారకం వాడింది. చావని బ్రూసెల్లా క్రిములు పొగగొట్టంలోంచి బయటపడి గాలివాటున వెళ్లాయి. పదివేల మందికి పైగా ఆ జబ్బు సోకింది. అంత పెద్ద ఫ్యాక్టరీని ముంచింది గడువు తీరిన మందు.

మన హైపో డబ్బాల సంగతి ఇక్కడే చెప్పాలి. సోడియం హైపోక్లోరైట్ వేడికి, వెలుతురుకు బలం కోల్పోతుంది. 5 శాతం డబ్బా అయితే ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపితే 1 శాతం అవుతుంది, దాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. కిటికీలో ఎండకు నిలబెట్టిన డబ్బా వాసన మాత్రం ఘాటుగానే కొడుతుంది. ఆ వాసనను నమ్మి తుడిస్తే తుడిచినట్టు కాదు. డబ్బా మీద తేదీ చూడటం, నీడలో పెట్టడం అటెండర్‌కు కూడా నేర్పాలి, ఎందుకంటే కలిపేది ఎక్కువసార్లు ఆయనే.

శాంపిల్ పోకుండా చూసుకోవడం కూడా ల్యాబు భద్రతలో భాగమే. 2020 మేలో మేరఠ్ వైద్య కళాశాల దగ్గర కోతులు టెక్నీషియన్ మీద పడి కరోనా రోగుల రక్తం శాంపిళ్లు ఎత్తుకుపోయాయి. దేశమంతా నవ్వుకుంది. కోతుల బెడద తెలిసిన మన జిల్లాలో నవ్వు అంత తేలిగ్గా రాదు. గంగారం, కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలాల నుంచి శాంపిళ్లు బండ్లలో వస్తాయి. ట్యూబు చుట్టూ దూది, దాని మీద కారని డబ్బా, ఆపైన ఐస్ ప్యాక్‌తో గట్టి పెట్టె, ఇలా మూడు పొరలు ఉండాలి. ఎన్ని ఇచ్చారు, ఎన్ని అందాయి అన్నది రెండు చోట్లా రాసి ఉండాలి. ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గర ఉందో అడిగితే వెంటనే పేరు చెప్పగలగాలి. మన స్థాయి ల్యాబుకు బయోసెక్యూరిటీ అంటే చాలావరకు ఇంతే.

చివరికి సూది దగ్గరికి వస్తాం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, హబ్ కట్టర్‌లో తెంపి, గుచ్చుకున్నా చిల్లుపడని తెల్ల డబ్బాలో వేయాలి. ఆ తెల్ల డబ్బా 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో రాసి ఉన్నదే. అయినా సూది నల్ల సంచిలోకి పోతే గుచ్చుకునేది రక్తం తీసినవాడికి కాదు, మరునాడు పొద్దున సంచి ఎత్తే మనిషికి. హెపటైటిస్ బి ఉన్న రోగి సూది అయితే, టీకా లేని మనిషికి అది అంటుకునే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది 0.3 శాతమే, గుచ్చుకున్న 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాల్సిన మందులూ ఉన్నాయి. అందరూ భయపడేది మాత్రం రెండోదానికే.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరు నెలలకు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా వేయాలని ఉంది. టెక్నీషియన్లలో చాలామంది వేయించుకుంటారు. ఊడ్చేవాళ్లు, సంచులు మోసేవాళ్లు, శాంపిల్ బండి నడిపేవాళ్లు ఔట్‌సోర్సింగ్ వాళ్లు, వాళ్ల పేర్లు జాబితాకు ఎక్కవు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో ఉన్నవాళ్లు, ప్రైవేటు ల్యాబు యజమానులు ఈ కాలమ్ చదువుతుంటే ఒక్క పని చేయండి. రేపు మీ ల్యాబులో చీపురు పట్టే మనిషిని పిలిచి టీకా కార్డు అడగండి. లేకపోతే మొదటి డోసు ఈ వారమే వేయించండి.