ఇంటికి చేరడమే రక్షణా? క్రిస్మస్ ప్రేమకథలలో కుటుంబ ఆచారాల స్థానం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రతి సంవత్సరం డిసెంబరు సమీపించేసరికి ఆంగ్ల పాఠక లోకంలో ఒక ప్రత్యేకమైన కథాసాహిత్యం వెలువడుతుంది. నగరంలో ఉద్యోగం చేసుకునే ఒక యువతి చాలాకాలం తరువాత పుట్టిన ఊరికి వస్తుంది. అక్కడ మంచు కురుస్తుంది. అమ్మమ్మ చేతి వంట, తండ్రి నిలబెట్టే చెట్టు, ఏటేటా పెట్టె తెరచి తీసే పాత అలంకరణలు ఆమె కోసం వేచి ఉంటాయి. ఆ ఊరిలోనే ఆమెకు తగిన వ్యక్తి కూడా ఉంటాడు. ఇదే క్రిస్మస్ ప్రేమకథ. కెనడాలో 1949లో ప్రారంభమైన హార్లెక్విన్ సంస్థ విశ్వాస నేపథ్యం గల ప్రేమకథల కోసం 1997లో 'లవ్ ఇన్‌స్పైర్డ్' అనే ప్రత్యేక శ్రేణిని మొదలుపెట్టింది. అమెరికాలోని హాల్‌మార్క్ ఛానల్ 2009 నుండి 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' పేరుతో ఇటువంటి చిత్రాలను వరుసగా ప్రసారం చేస్తోంది. ఆంగ్లం చదివే మన యువతీ యువకులకు కూడా ఇవి ఫోనుల ద్వారా, విదేశాలలో ఉన్న బంధువుల ద్వారా చేరుతున్నాయి.

సంఘ కాపరులు ఈ కథలను సాధారణంగా రెండు విధాలుగా చూస్తారు. కొందరు లోకసంబంధమైన కాలక్షేపమని పక్కన పెడతారు. మరికొందరు వాటిలోని మంచి సన్నివేశాన్ని తీసి ప్రసంగంలో ఉదాహరణగా చెబుతారు. ఈ రెండు పద్ధతులలోనూ అసలు ప్రశ్న మరుగున పడుతుంది. ఈ కథలు మనిషి పోగొట్టుకున్నది ఏమిటని చెబుతున్నాయి? దానిని తిరిగి ఇచ్చేది ఎవరని చెబుతున్నాయి? వీటి దృష్టిలో రక్షణ అంటే ఇంటికి తిరిగి చేరడం, రక్షణ సాధనం కుటుంబ ఆచారం అన్నదే ఈ వ్యాసంలోని ప్రతిపాదన. దీనిలో కొంత సత్యం ఉంది, కొంత ప్రమాదం కూడా ఉంది.

1. 'అనాదిగా వస్తున్న' ఆచారాలు

క్రిస్మస్ ప్రేమకథలో ఆచారం ఎప్పుడూ పురాతనమైనదిగానే కనిపిస్తుంది. చరిత్ర చెప్పేది వేరు. ఇంగ్లండులో ప్యూరిటనుల ప్రాబల్యం గల పార్లమెంటు 1647లో క్రిస్మస్ పండుగను రద్దు చేసింది. మసాచుసెట్స్ వలస ప్రాంతంలో 1659లో క్రిస్మస్ ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించే చట్టం వచ్చింది. దానిని 1681లో తొలగించారు. ఆ రోజులలో క్రిస్మస్ అంటే చాలాచోట్ల వీధులలో తాగి తిరిగే గుంపుల సందడి. చరిత్రకారుడు స్టీఫెన్ నిస్సెన్‌బామ్ 1996లో ప్రచురించిన 'ది బ్యాటిల్ ఫర్ క్రిస్మస్' అనే గ్రంథంలో, ఆ వీధి పండుగ పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంటి లోపలికి, పిల్లల చుట్టూ చేరిన పండుగగా ఎలా మారిందో వివరించాడు.

ఈ మార్పు చాలావరకు ముద్రణ ద్వారానే జరిగింది. డికెన్స్ 'ఎ క్రిస్మస్ కెరొల్' వెలువడింది 1843లో. హెన్రీ కోల్ చేయించిన మొదటి క్రిస్మస్ కార్డు కూడా అదే సంవత్సరానిది. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన చిత్రాన్ని 1848లో ఒక లండన్ వారపత్రిక ప్రచురించిన తరువాతే ఆ చెట్టు సామాన్యుల ఇళ్లకు విస్తరించింది. అంటే పుస్తకాలు, పత్రికలు కుటుంబ ఆచారాన్ని వర్ణించడంతో ఆగలేదు. దానిని తయారు చేయడంలో కూడా పాలుపంచుకున్నాయి. నేటి ప్రేమకథలు ఆ పనినే కొనసాగిస్తున్నాయి.

ఆచారం ఇటీవలిది కాబట్టి విలువలేనిదని అనడం తొందరపాటు అవుతుంది. అయితే మానవులు కల్పించుకున్నదానిని మార్పులేని పవిత్ర వస్తువుగా నిలబెట్టినప్పుడు దానిని పరీక్షించవలసిన బాధ్యత వేదాంత విద్యార్థికి ఉంటుంది.

2. కథా నిర్మాణంలో దాగిన వేదాంతం

పమేలా రెజిస్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో ప్రేమకథకు ఎనిమిది అంశాలు ఉంటాయని సూచించింది. వాటిలో ముఖ్యమైనవి ప్రేమికుల కలయిక, వారి మధ్య అడ్డంకి, ఆశ పూర్తిగా నశించినట్టు కనిపించే మరణతుల్యమైన ఘట్టం, అడ్డంకిని తొలగించే గుర్తింపు, చివరికి వివాహ నిశ్చయం. ఈ క్రమం క్రైస్తవ పాఠకునికి పరిచితంగానే తోస్తుంది. మరణం, ఆ తరువాత జీవం. ఎడబాటు, ఆ తరువాత సమాధానం. ఈ కథలు విశ్వాసులను ఆకర్షించడానికి ఇది ఒక కారణం కావచ్చు.

అడ్డంకి ఏమిటో, దానిని తొలగించేది ఏమిటో గమనిస్తే తేడా తెలుస్తుంది. ఈ కోవకు చెందిన సాధారణ కథలో నాయిక దోషం ఆమె ఇల్లు విడిచి వెళ్లడం. ఆమె ఉద్యోగం, నగర జీవితం, ఒక్కోసారి నగరంలోని వరుడు కూడా ఆ దూరానికి చిహ్నాలు. ఆమె మారుమనస్సు పొందే చోటు వంటగది. పాత అలంకరణ పెట్టె తెరిచినప్పుడు, చనిపోయిన తల్లి రాసి ఉంచిన వంట చీటీ దొరికినప్పుడు కన్నీళ్లు వస్తాయి. చీటీ ప్రకారం వంట చేస్తే ఇల్లు తిరిగి ఇల్లవుతుంది. ఆచారమే ఇక్కడ కృపా సాధనం. పాపానికి చోటు లేదు, పోగొట్టుకున్న వెచ్చదనానికే చోటు ఉంది. అందువలన రక్షకుని అవసరం కూడా లేదు.

3. బెల్ తిరిగి రాలేదు

ఈ సాహిత్యానికి మూలపురుషుడని అందరూ చెప్పే డికెన్స్ ఈ విషయంలో తన వారసులకంటే కఠినుడు. స్క్రూజ్ యౌవనంలో బెల్ అనే యువతితో వివాహం నిశ్చయమై ఉంటుంది. అతడు ధనాన్ని ఆరాధించడం చూచి ఆమె ఆ బంధాన్ని తెంచుకుంటుంది. తరువాత ఆమె మరొకరి భార్యగా, పిల్లల తల్లిగా సుఖంగా ఉన్న దృశ్యాన్ని ఆత్మ అతనికి చూపుతుంది. నేటి క్రిస్మస్ ప్రేమకథ అయితే బెల్‌ను ఎలాగైనా తిరిగి తీసుకువచ్చేది; కనీసం విధవరాలిగానైనా చూపి స్క్రూజ్‌కు జత చేసేది. డికెన్స్ ఆ పని చేయలేదు. మారిన మనిషికి కూడా పోయినవన్నీ తిరిగి రావు. మారుమనస్సుకు ప్రతిఫలంగా ప్రేమను బహుమతిగా ఇవ్వకపోవడంలోనే ఆ పుస్తకపు నిజాయితీ ఉంది.

మరి స్క్రూజ్‌కు దొరికినదేమిటి? పండుగ ఉదయాన అతడు తన గుమాస్తా ఇంటికి టర్కీ కోడిని పంపుతాడు, బీదల కోసం చందా ఇస్తాడు, ఆలయానికి వెళతాడు, చివరికి మేనల్లుని ఇంటి గుమ్మం దగ్గర సంకోచిస్తూ నిలబడతాడు. మునుపు ఆ ఇంటి ఆహ్వానాన్ని తృణీకరించినవాడు అతడే. అయినా వారు అతనిని లోపలికి చేర్చుకుంటారు. కుటుంబ భోజనం ఇక్కడ కూడా ఉంది. అయితే ఆ బల్ల యోగ్యత లేనివానికి చోటిచ్చింది. పుస్తకంలో నరావతార సిద్ధాంతం పలచగానే ఉన్నదని ఒప్పుకోవాలి. ఈ ఒక్క దృశ్యంలో మాత్రం కృప ఎలా పనిచేస్తుందో పాఠకునికి అర్థమవుతుంది.

అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ 1868లో ప్రచురించిన 'లిటిల్ ఉమెన్'లో మార్చ్ కుటుంబపు ఆడపిల్లలు క్రిస్మస్ ఉదయపు ఫలహారాన్ని ఆకలితో ఉన్న హమ్మెల్ కుటుంబానికి మోసుకొని వెళతారు. ఆ చలి గదిలో అప్పుడే పుట్టిన శిశువు ఉంటుంది. పండుగ భోజనం తమ ఇంటి గడప దాటడమే వారికి పండుగ. 1905లో ఓ. హెన్రీ రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ది మెజై' మరింత చిన్నది. డెల్లా దగ్గర ఉన్నది ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు. జుట్టు అమ్మితే ఇరవై డాలర్లు వస్తాయి; దానితో భర్త గడియారానికి గొలుసు కొంటుంది. ఆమె జుట్టులో పెట్టుకునే దువ్వెనల కోసం భర్త అప్పటికే గడియారాన్ని అమ్మివేశాడు. అది కూడా క్రిస్మస్ ప్రేమకథే. దానిలో అమ్మమ్మ వంట లేదు, ఊరు లేదు, కూడి వచ్చిన బంధువులు లేరు. తమకున్న శ్రేష్ఠమైనదానిని ఒకరి కోసం ఒకరు విడిచిపెట్టడం ఉంది.

4. క్షమాపణ అడ్డంకి అయినప్పుడు

నేటి రచనలన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. డెబ్బీ మకాంబర్ 1996లో రాసిన 'మిసెస్ మిరకిల్' ఈ కోవలో ఎన్నదగినది. దానిని 2009లో టెలివిజన్ చిత్రంగా తీశారు. భార్యను కోల్పోయి కవల పిల్లలతో సతమతమయ్యే తండ్రి, అతని ఇంటికి పనికి వచ్చిన వింతైన పెద్దావిడ, ట్రావెల్ ఏజెన్సీ నడిపే రీబా అనే యువతి ఇందులో ప్రధాన పాత్రలు. రీబా తన సొంత సోదరి వలన మోసపోయి ఆమెతో మాటలు మానివేసింది. కథ ఆమె నుండి కోరేది క్షమాపణ. మనసులోని ద్వేషాన్ని అలాగే ఉంచుకొని కొత్త ప్రేమలోకి ప్రవేశించలేవని కథ ఆమెకు నేర్పుతుంది. ఇక్కడ అడ్డంకికి పాపం అనే పేరు పెట్టవచ్చు. ఇది సామాన్యమైన మెరుగుదల కాదు.

అయినా ఒక బలహీనత మిగిలింది. పండుగ రాకముందే అంతా చక్కబడాలన్న నియమం ఈ ప్రక్రియకు ఉంది. క్షమాపణకు అంత తొందర ఉండదని సంఘ కాపరులకు తెలుసు. అన్నదమ్ముల ఆస్తి తగాదా గానీ, విడిపోయిన భార్యాభర్తల గాయం గానీ క్యాలెండరు చూచి మానదు.

5. లేఖనాల వెలుగులో

మత్తయి మొదటి అధ్యాయంలో కూడా నిశ్చయమైన వివాహం ఉంది, అడ్డంకి ఉంది. యోసేపు మరియను రహస్యంగా విడనాడాలని తలంచాడు. ఆ అడ్డంకిని తొలగించినది హృదయ స్పందన కాదు, దేవుని మాటకు విధేయత. ఆ విధేయత వారికి స్థిరమైన ఇంటిని వెంటనే ఇవ్వలేదు. వారు బేత్లెహేములో ఉన్నారు, తరువాత ఐగుప్తుకు పారిపోయారు. లూకా 2:7లో మన బైబిలు 'సత్రము' అని అనువదించిన గ్రీకు పదం కటలూమా. లూకా 22:11లో శిష్యులతో పస్కా భుజించే గదికి కూడా ఇదే పదం వాడబడింది. మంచి సమరయుని కథలోని పూటకూళ్ల ఇంటికి లూకా వేరే పదం వాడాడు. కాబట్టి 2:7లో చెప్పినది బంధువుల ఇంటి అతిథి గది కావచ్చునని కొందరు పండితులు అభిప్రాయపడుతున్నారు. అది అంగీకరిస్తే, అయినవారి ఊరిలోనే ఆ గదిలో రక్షకునికి చోటు దొరకలేదని అర్థం.

లేఖనాలు కుటుంబ ఆచారాన్ని తృణీకరించవు. పస్కా ఇంటిలో ఆచరించే పండుగ. నిర్గమకాండము 12:26లో పిల్లలు దాని అర్థమేమని అడుగుతారు. అప్పుడు పెద్దలు విమోచన కథ చెప్పాలి. అంటే ఆచారం ఒక ప్రశ్నకు దారి తీయాలి. అదే అధ్యాయం 4వ వచనంలో చిన్న కుటుంబం పొరుగువానితో కలిసి గొర్రెపిల్లను పంచుకోవాలి. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో పండుగ సంతోషంలో లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివారు, విధవరాలు పాలుపొందాలి. వారు లేకుండా ఇంటివారు మాత్రమే సంతోషించడం ఆ అధ్యాయం ఎరుగని పండుగ.

లూకా 2:41-51 ఈ చర్చకు కీలకమైన భాగం. యోసేపు, మరియ ఏటేటా యెరూషలేముకు వెళ్లడం వారి కుటుంబ వాడుక. యేసు ఆ వాడుకలో పాల్గొన్నాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆయన వారితో లేడు. తాను తన తండ్రి పనిమీద ఉండవలెనని తల్లిదండ్రులకు చెప్పి, ఆ తరువాత వారికి లోబడి నజరేతుకు వెళ్లాడు. కుటుంబ ఆచారానికి ఆయన లోబడ్డాడు. దానికి చివరి మాట మాత్రం ఇవ్వలేదు.

6. సంఘ పరిచర్యకు కొన్ని సూచనలు

ఈ చర్చ అమెరికా పుస్తకాల వరకే పరిమితమైనది కాదు. మన సంఘాలలో కూడా క్రిస్మస్ అంటే కొత్త బట్టలు, అరిసెలు, ఇంటిమీద నక్షత్రం, దూరాన ఉన్న పిల్లలు ఇంటికి రావడం. ఇవన్నీ దేవుని దయలే. అయితే తెలుగు సంఘాలలో ఒంటరిగా విశ్వాసంలోకి వచ్చినవారు ఎందరో ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటి తలుపు మూయబడిన స్త్రీ, తండ్రి మాట్లాడడం మానివేసిన యువకుడు మన ఆరాధనలోనే కూర్చుంటారు. క్రిస్మస్ కుటుంబ పండుగ అని ప్రసంగ వేదిక మీదనుండి చెప్పినప్పుడు ఆ మాట వారికి ఎలా వినిపిస్తుంది? ఆరాధన ముగిసిన తరువాత వారు ఎవరి ఇంటికి వెళతారు? మార్కు 10:29-30లో ప్రభువు తన నిమిత్తం ఇంటిని, తల్లిదండ్రులను విడిచినవారికి ఈ కాలంలోనే ఇండ్లను, తల్లులను, అన్నదమ్ములను వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానం నెరవేరవలసిన స్థలం సంఘం. పండుగనాడు మన ఇంటి తలుపు మూసి ఉంటే ఆ వాగ్దానానికి మనమే అడ్డు నిలుస్తాము.

కాబట్టి ఈ కథలు చదివే యువతను మందలించడం కంటే, చదివిన కథను మూడు ప్రశ్నలతో పరీక్షించడం నేర్పడం మేలు. ఈ కథలో మనిషి అసలు సమస్య ఏమిటి: ఇంటికి దూరమా, దేవునికి, పొరుగువానికి దూరమా? దానిని సరిచేయడానికి ఎవరు మూల్యం చెల్లించారు? చివరి పేజీలోని బల్ల దగ్గర కుటుంబానికి చెందనివారు ఎవరైనా కూర్చున్నారా? ఇవే ప్రశ్నలు మన ఇంటి ఆచారాలకు కూడా వర్తిస్తాయి. పొరుగువారికి పిండివంటల పళ్లెం పంపడం, క్యారల్ బృందం బీదవాని గుమ్మం దగ్గర కూడా ఆగి పాడడం మనకు ఉన్న మంచి వాడుకలు. అవి ఈ పరీక్షకు నిలుస్తాయి.

ముగింపు

క్రిస్మస్ ప్రేమకథ మనుష్యుని ఆకలిని సరిగానే గుర్తించింది. అందరూ ఒక బల్ల దగ్గరికి చేరాలని, తనకోసం ఎవరైనా దీపం వెలిగించి ఉంచాలని మనిషి కోరుకుంటాడు. ఆ ఆకలి దేవుడు పెట్టినదే. కాని సువార్తలో మొదట ఇల్లు విడిచి వచ్చినవాడు దేవుని కుమారుడు. మన ఇంటిలో చోటు కోసం వచ్చిన ఆయన, తన తండ్రి ఇంటిలో మనకు చోటు సిద్ధపరచడానికి వెళ్లాడు (యోహాను 14:2). ఈ డిసెంబరులో ప్రసంగం సిద్ధపరచుకునే కాపరి తన సంఘ జాబితాను కూడా ఒకసారి చూడాలి. పండుగ మధ్యాహ్నం ఒంటరిగా భోజనం చేయబోయేవారి పేర్లు దానిలో ఉంటాయి. ఆ పేర్లను ఏ ఇంటి బల్లతో జత చేయాలో ముందే నిర్ణయించుకుంటే, ఆ రోజు చేసే ప్రసంగానికి బలం చేకూరుతుంది.