హైదరాబాద్ పేరు మోసిన రెక్క

ఓ స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానమా, నిన్ను గుర్తుపట్టాలంటే ముందు నీ గడ్డం చూడాలి. ఇంగ్లండ్ ఆకాశంలో నీ ముక్కు కింద అంతా నునుపు. ఉత్తరాఫ్రికాలో దిగేసరికి అక్కడ లావాటి వోక్స్ ఫిల్టర్ వేలాడింది. ఇసుక దూరితే మెర్లిన్ ఇంజన్ లోపల అరిగి చస్తుంది కదా! దుమ్ములో వడ్లు తూర్పారబట్టే మా సుల్తానాబాద్ మనిషి మూతికి తువ్వాల చుట్టుకున్నట్టు, నువ్వూ గాలిని వడగట్టి పీల్చావు. ఆ గడ్డం నీ వేగాన్ని తగ్గించింది, నిజమే. నీ అందాన్నీ చెడగొట్టిందంటారు. నేనొప్పుకోను.

ఇక నీ రెక్క. 20 మిల్లీమీటర్ల ఫిరంగి ఒక్కటే ముందుకు పొడుచుకొస్తే నువ్వు ఐదో మార్క్‌లో, అంటే ఐదో రకంలో, ‘బి’వి. దాని పక్కనే మూత బిగించిన మొండి గొట్టం కూడా కనిపిస్తే ‘సి’వి. ‘బి’కి ఫిరంగికి 60 గుండ్లే, ‘సి’కి 120. ఎంత చిన్న మొండి గొట్టం, ఎంత పెద్ద తేడా! నీ పొట్ట కిందికి వస్తే కుడి రెక్కకు రేడియేటర్ పెట్టె, ఎడమకు గుండ్రటి ఆయిల్ కూలర్. ఈ ఎగుడుదిగుడే ఐదో మార్క్ గుర్తు. తొమ్మిదో మార్క్‌లో రెండు వైపులా సమానమైన పెట్టెలు. చక్కగా ఉంటుంది గానీ, నా మనసు ఆ పాత వంకర మీదే.

పైన మట్టిరంగు, ఇసుకరంగు; కింద ఆకాశనీలం. ఎదురుగా జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109. దాని తోకరెక్క కింద ఊతకడ్డీ ఉండి, రెక్కల కొనలు నలుచదరంగా ఉంటే ‘ఇ’. కడ్డీ లేక కొనలు గుండ్రంగా ఉంటే ‘ఎఫ్’. మనం ఫొటో ముందు తీరిగ్గా కూర్చుని తేల్చుకుంటాం. అక్కడి పైలట్‌కు ఎండ కళ్ళలో పడుతుండగానే తేలాలి.

1942 నవంబరులో ఆ ఉత్తరాఫ్రికా యుద్ధరంగానికి రెండు స్క్వాడ్రన్లు మన రాజధాని పేరుతో వెళ్ళాయి. స్పిట్‌ఫైర్లతో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, హరికేన్ యుద్ధవిమానాలతో 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. 152 చిహ్నం నిజాం తలపాగా. 253ది కవచం తొడిగిన చేతిలో యుద్ధగొడ్డలి. ఆ పేర్లు నిజాం విరాళాలకు బ్రిటిష్ వాయుసేన ఇచ్చిన గౌరవం. ఎలగందుల, జగిత్యాల, సుల్తానాబాద్ ఊళ్ళ రైతులు పట్వారీ లెక్కకు తలవంచి కట్టిన శిస్తు కూడా చేరింది ఆ ప్రభువు రాజ్యపు ఖజానాకే. గౌరవం మాత్రం తలపాగాకు దక్కింది, తువ్వాలకు కాదు.

అయినా ఓ రెక్కా, నీ మీద నాకు కోపం లేదు. హరికేన్ తమ్ముడా, ‘టూ సి’గా నాలుగు ఫిరంగులు మోసి, 1943లో నీ స్క్వాడ్రన్‌ను స్పిట్‌ఫైర్‌కు అప్పగించి తప్పుకున్నావు, నీకూ దండమే.

పాఠకుడా, ఇసుక మీద నిలబడ్డ స్పిట్‌ఫైర్ ఫొటో దొరికితే ఇంజన్ పక్కన పొగగొట్టాలు లెక్కపెట్టు. ఒక్కో వైపు మూడుంటే ఐదో మార్క్, ఆరుంటే తర్వాతిది. ఆపైన పక్కభాగం మీది అక్షరాలు చదువు. ‘యు.ఎం.’ అని ఉంటే అది 152ది, హైదరాబాద్ పేరు మోసినదే.