వంటింట్లోంచి కనిపించే పరాయి దేశం

డయాస్పోరా సాహిత్యం అనగానే మన విమర్శకి ముందు అమెరికా గుర్తొస్తుంది. వంగూరి ఫౌండేషన్ ప్రచురించిన ‘అమెరికా తెలుగు కథానిక’ సంకలనాలు, 1973లో అమెరికా వెళ్లిన నిడదవోలు మాలతి కథలు, ఆమె నవల ‘చాతకపక్షులు’ నేనూ ఇష్టంగానే చదివాను. పండగ రోజు సెలవు లేకపోవడం, పిల్లలకి తెలుగు రాకపోవడం, గుడి కోసం మైళ్లు వెళ్లడం - అమెరికా కథల్లో ఇలాంటి తేడాలు తరచూ కనిపిస్తాయి. వాటిని గమనించే తీరిక, రాసుకునే బల్ల ఎవరికుంటాయన్న ప్రశ్న మాత్రం నాకు రామచంద్రపురంలో మా పెరట్లోనే ఎదురైంది.

మా ఇంట్లో చాలా ఏళ్లు అంట్లు తోమినావిడ కూతురు కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్లనుంచీ, కోనసీమ నుంచీ ఇలా వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. ఖద్దామా వీసా, కఫీల్, అకామా - ఈ మాటలు మా పేటల్లో ఎప్పుడో తెలుగైపోయాయి. మన విమర్శలోకి మాత్రం రాలేదు.

అక్కడి మతం, పద్ధతులు ఎలా అనిపించాయని అడిగాను. “రంజాను నెలంటే గిన్నెలండి అమ్మాయిగారూ. సాయంత్రం ఉపాసం విడవడానికి వంట, తెల్లారగట్ట మళ్లీ వంట, మధ్యలో చుట్టాలు. నిద్దరెక్కడిది?” అంది. కాసేపాగి నవ్వింది. “మీ ఇంట్లో కార్తీకమాసం లాగేనండి.”

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. కార్తీక సోమవారాలు మా అమ్మ ద్రాక్షారామం వెళ్లొచ్చి, నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. ఆ ఉపవాసాల గురించి, ఆడవాళ్ల శరీరం మీద పితృస్వామ్యం మోపిన బరువుగా, నేను ఒక వ్యాసం కూడా రాశాను. ఆ రాత్రుళ్లు ఇత్తడి సామానంతా తోమి, చీకట్లో ఇంటికెళ్లిన ఈమె తల్లి నా వ్యాసంలో ఎక్కడా లేదు. ఏ మతమైనా ఒకరి పుణ్యం ఇంకో ఆడమనిషి రెక్కల మీద నిలబడుతుందని ఆమెకి రెండు దేశాల వంటిళ్లు చెప్పాయి. నాకు ఏ సిద్ధాంతమూ చెప్పలేదు.

ఆమె క్రైస్తవురాలు. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్ల ఆరాధనలూ ఆ రోజే. “ఆదివారం ప్రభువు శుక్రవారానికి మారాడు గానీ, నన్ను బయటికి పంపితేగా!” అంది. వారానికో సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ కువైట్ 2015లో చట్టం చేసింది. ఆమె పాస్‌పోర్టు ఆరేళ్లూ కఫీల్ బీరువాలోనే ఉంది.

అయినా ఆమె ఇంకో తేడా కూడా చెప్పింది. “అక్కడ నన్ను ‘హిందీ’ అన్నారు, అంటే ఇండియా మనిషి అని. కులం ఎవరూ అడగలేదు. నేను వండిందే వాళ్లూ తిన్నారు. మా అమ్మ మీ వంటింట్లోకి ఎప్పుడైనా వచ్చిందాండి?” నా దగ్గర జవాబు లేదు. పాస్‌పోర్టు లాక్కున్న ఇల్లూ, కులం అడగని ఇల్లూ ఆమెకి ఒకటే. రెంటిలో ఏ ఒక్కదాన్నీ వదిలేసి ఆమె అనుభవాన్ని చదవలేం. పత్రికల్లో ‘గల్ఫ్ కష్టాల’ వార్తగా కుదిస్తే ఆమె చేసిన ఈ పోలిక, అందులోని ఆలోచన మనకి అందకుండా పోతాయి.

మలయాళంలో బెన్యామిన్ ‘ఆడుజీవితం’ 2008లో వచ్చింది. గల్ఫ్ కూలీ బతుకు సాహిత్యంలో గట్టిగా నిలబడింది. కానీ అది ఎడారిలో చిక్కుకున్న మగవాడి కథ. నాలుగు గోడల మధ్య ఉండిపోయిన స్త్రీ కథ ఇంకా రావాలి. నువ్వే రాయకూడదా, నేను సాయం చేస్తానన్నాను.

“మీరు రాసుకోండి. నా పేరు మాత్రం వద్దండి. మళ్లీ వెళ్లాలి కదా” అంది.

రచయిత పేరు లేనిదే మన సాహిత్య చరిత్రలు ఒక్క పేజీ నడవవు. పేరు చెబితే బతుకుతెరువు పోయే ఈ మనిషి మాటని అందులో ఎక్కడ పెడతామో మనమే తేల్చుకోవాలి.